ముందు సాకెట్ కొనండి, గన్ను తర్వాత

యర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి క్వారీల్లో పొక్లెయిన్లు, జేసీబీలు, టిప్పర్లు బాగుచేయడం నా వృత్తి. షెడ్డు ఉంది గానీ నేను అందులో కూర్చునేది తక్కువ. చైను తెగిన ఇరవై టన్నుల బండి షెడ్డుకు నడిచి రాదు, నేనే దాని దగ్గరకు పోవాలి. అందుకే నా పనిముట్లన్నీ బొలెరో వెనక ఉంటాయి. ఎండ, నాపరాయి పొడి, గ్రీజు, గతుకుల బాట, వీటన్నిటినీ తట్టుకున్నవే పెట్టెలో మిగిలాయి. తక్కినవి పాత ఇనుము కొట్టుకు పోయాయి.

కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు వచ్చి "ఏ గన్ను కొనాలి అన్నా?" అని అడుగుతుంటారు. గన్ను అంటే బోల్టులు విప్పే, బిగించే ఇంపాక్ట్ రెంచి. నేను ముందు సాకెట్లు కొనమంటాను, అంటే బోల్టు తల మీద తొడిగి తిప్పే ఉక్కు గొట్టాలు. వాళ్ల ముఖాలు వాడిపోతాయి. సాకెట్ కొంటే ఫోనులో వీడియో తీసి పెట్టడానికి ఏమీ ఉండదు మరి. అందుకే నా మాటకు కారణమేమిటో తీరిగ్గా రాస్తున్నాను. ఒక సంగతి ముందే చెబుతాను: బాగున్న సరుకు పేరు రాస్తాను, బాగాలేనిదాని పేరు రాయను. దాని లక్షణాలు చెబితే చాలు, అంగట్లో మీరే గుర్తుపడతారు.

గన్ను ఎంత బలమైనదైనా, పైపు ఎంత పొడవైనా, ఆ బలమంతా చివరికి దిగేది బోల్టు తలకున్న ఆరు పక్కల మీదే. అక్కడ సాకెట్ కాస్త వదులుగా ఉంటే బోల్టు కదలదు, సాకెట్ జారుతుంది. మూలలు అరిగి తల గుండ్రమవుతుంది. ఇక వెల్డింగ్ మిషను తెప్పించి తల మీద ఒక నట్టు అతికించి తిప్పాలి, లేదంటే గ్యాసుతో కోయాలి. ఐదు నిమిషాల పని ఒక పూట పడుతుంది. క్వారీలో బండి గంటల లెక్కన అద్దెకు తిరుగుతుంది. ఆపరేటర్ వచ్చి నెత్తి మీద నిలబడతాడు. "అన్నా, మధ్యాహ్నానికి బండి కదలకపోతే ఓనరుతో నేను పడలేను" అంటాడు. అతని బాధ అతనిది.

సాకెట్‌లో చూడవలసిన మొదటి విషయం లోపల ఆరు మూలలున్నాయా, పన్నెండున్నాయా అన్నది. పన్నెండు మూలలది ఇరుకు చోట్ల సుఖం. పానాను ముప్పై డిగ్రీలు తిప్పితే చాలు, మళ్లీ తొడుక్కుంటుంది. ఆరు మూలలదానికి అరవై డిగ్రీల చోటు కావాలి. కానీ పన్నెండు మూలలది బోల్టు తలను మూలల దగ్గరే పట్టుకుంటుంది. తుప్పు పట్టిన బోల్టుకు, ఇదివరకే ఎవరో పైపు రెంచి వేసి గీకిన బోల్టుకు అది పనికిరాదు. క్వారీ బండ్లలో సగం బోల్టులు ఆ రకమే. కాబట్టి 24, 30, 36 సైజుల్లో, అంటే 16, 20, 24 మిల్లీమీటర్ల బోల్టులకు పట్టేవాటిలో, ఆరు మూలల సాకెట్లే కొన్నాను. ఇరుకు చోట్లకు పన్నెండు మూలల రింగు పానాలు వేరే ఉన్నాయి.

రెండోది రంగు. తళతళలాడే వెండి రంగు సాకెట్ చేతి పనికి. నల్లటిది గన్నుకు. ఇది అందం విషయం కాదు, లోహం విషయం. మెరిసేవి సాధారణంగా క్రోమ్ వెనేడియం ఉక్కు. గట్టిగా ఉంటుంది, అరగదు, సన్నని గోడతో చేయవచ్చు. కానీ గన్ను తిప్పదు, కొడుతుంది. లోపల సుత్తి నిమిషానికి వేల దెబ్బలు వేస్తుంది. ఆ దెబ్బలకు గట్టి ఉక్కు వంగదు, పగులుతుంది. నల్లవి క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో, మందపు గోడతో చేస్తారు. అది దెబ్బను మింగుకుంటుంది. మా పక్క షెడ్డులో ఒక కుర్రాడు మెరిసే సాకెట్‌ను గన్నుకు తగిలించి టిప్పర్ చక్రం విప్పబోయాడు. సాకెట్ నిలువునా చీలి, ఒక ముక్క రేకు గోడకు తగిలి కింద పడింది. ఆ ముక్కను తీసి చూశాను. చీలిన అంచు గాజు పెంకు అంచులా పదునుగా ఉంది. పైపూత విడిగా పెచ్చులు లేచింది. అతనికి ఏమీ కాలేదు. అది అంగట్లో సెట్టుగా అమ్మిన సాకెట్. డబ్బా మీద గన్ను బొమ్మ కూడా ఉంది! డబ్బా మీది బొమ్మను నమ్మకండి, సాకెట్ మీద ఏమి చెక్కారో చదవండి. గన్నుకు పనికొచ్చే సాకెట్‌కు చదరపు రంధ్రం పక్కన అడ్డంగా ఒక చిన్న బెజ్జం, దాని చుట్టూ గాడి ఉంటాయి. అందులో పిన్ను దూర్చి రబ్బరు రింగు తొడగాలి. అది లేకుండా వాడితే సాకెట్ గన్ను నుంచి ఊడి ఎటు ఎగురుతుందో చెప్పలేం.

నేను ప్రొద్దుటూరులో ఒక పాత హార్డ్‌వేర్ కొట్టులో కొంటాను. వెళ్లేటప్పుడు జేబులో రెండు కొత్త బోల్టులు, ఒకటి 20 మిల్లీమీటర్లది, ఒకటి 24 మిల్లీమీటర్లది, పెట్టుకుపోతాను. కౌంటరు మీద బోల్టును తలకిందులుగా నిలబెట్టి, సాకెట్ తొడిగి, వేళ్లతో అటూ ఇటూ ఆడిస్తాను. టకటకమని ఆడితే వెనక్కి ఇచ్చేస్తాను. మంచి సాకెట్ ఆడుతుంది గానీ ఆడినట్టు తెలియదు. ఆ కొట్టతను ఇప్పుడు నన్ను చూడగానే "బోల్టులు తెచ్చారా మేస్త్రీ?" అంటాడు. మొదట్లో ఎగతాళి చేశాడు. ఇప్పుడు మరో గిరాకీ వచ్చినా "ఆయన చూసినట్టు చూసుకోండి" అని చెబుతున్నాడట. ఆ కొట్టుకు నేనిచ్చే మార్కులు ఎక్కువే: ఒక్క సాకెట్ విడిగా అడిగినా ఇస్తాడు, సెట్టంతా కొనమని పట్టుబట్టడు. నలభై ముక్కల సెట్టులో నాకు అక్కరకొచ్చేవి ఏడో ఎనిమిదో ఉంటాయి. మిగిలినవి డబ్బా నింపడానికే. లోపం చెప్పాలంటే, నల్ల సాకెట్లలో పొడవు రకం ఎప్పుడూ ఉండదు, ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. ఆదివారం తాళం.

చేతి పానాల్లో టపారియాను మించి వెతకవలసిన అవసరం నాకు కనపడలేదు. నాసిక్ కంపెనీ. చిన్న ఊళ్లో కూడా దొరుకుతుంది, ఒక్క సైజు పోతే ఒక్కటే కొనుక్కోవచ్చు. క్వారీలో పానా పోవడమన్నది రోజూ జరిగేదే. రాళ్ల కుప్పలో పడితే మళ్లీ దొరకదు. కాబట్టి పోయినా ఏడుపు రాని ధరలో, పని మాత్రం చేసే పానా కావాలి. అయితే అదే పేరుతో నకిలీలు సంతలో పోసి అమ్ముతున్నారు. అక్షరాలు లోతుగా దిగకుండా పైపైన గీసినట్టుంటాయి. పానా నోటి లోపలి ముఖం చూడండి: అసలుది నున్నగా, రెండు దవడలూ సమాంతరంగా ఉంటాయి. నకిలీది గరుకుగా ఉండి, బలం పడగానే నోరు విచ్చుకుంటుంది. బేరం బాగా కుదిరిందంటే అనుమానించండి.

ఇప్పుడు గన్ను. కుర్రాళ్లు ఎదురుచూసేది దీనికే.

నేను వాడేది మకిటా డీటీడబ్ల్యూ 1001. సాకెట్ తొడిగే చదరపు మొన ముప్పావు అంగుళం, 18 వోల్టుల బ్యాటరీ. బిగించేటప్పుడు 1050 న్యూటన్ మీటర్లు (తిప్పే బలానికి, అంటే టార్క్‌కు, అదే కొలత), విప్పేటప్పుడు 1700 దాకా ఇస్తుందని కంపెనీ లెక్క. ఆ అంకెలు ప్రయోగశాలవి. సాకెట్‌కూ గన్నుకూ మధ్య ఒక ఎక్స్‌టెన్షన్ రాడ్డు పెట్టగానే కొంత బలం ఆ రాడ్డే మింగేస్తుంది. దాని విలువ తెలియాలంటే చైను పని చూడాలి. ఇరవై టన్నుల పొక్లెయిన్‌కు ఒక్కో వైపు చైనుకు 45 నుంచి 49 షూలు, అంటే నేలను తొక్కే ఇనుప పలకలు, ఉంటాయి. షూకు నాలుగు బోల్టులు. అంటే ఒక వైపే 180కి తగ్గవు. ఒకప్పుడు ఇద్దరం మనుషులం స్లైడింగ్ టీకి, అంటే సాకెట్ తిప్పే టీ ఆకారపు కడ్డీకి, పైపు తొడిగి ఒకరు లాగడం, ఒకరు తోయడం. సాయంత్రానికి భుజాలు లేచేవి కావు. ఇప్పుడు మట్టి గీకి, నూనె పోసి నానబెట్టి, గన్ను పెడితే ఎక్కువ బోల్టులు గొణుక్కుంటూ వచ్చేస్తాయి. మొండికేసినవాటిని గ్యాసు కట్టరుకు వదిలేస్తాను. గన్నుతో వాటి మీద పంతం పట్టను, బ్యాటరీ వేడెక్కడం తప్ప లాభం లేదు. ఎలాగూ చైను షూలకు పాత బోల్టులు మళ్లీ వేయను.

ఇంటర్నెట్‌లో "88 వోల్టులు", "128 వోల్టులు" అని రాసి, అసలుదానిలో ఐదోవంతు ధరకు అమ్మే గన్నులున్నాయి. అలాంటిదాన్ని ఒక ఓనరు తెచ్చి, విప్పి చూడమన్నాడు. బ్యాటరీ డబ్బాలో సెల్లులు వరుసకు ఐదు. లిథియం సెల్లు ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, నిండా ఛార్జి అయితే 4.2. ఐదింటిని గుణించుకోండి: 18 వస్తుంది, నిండుగా ఉన్నప్పుడు 21. మరి 88 ఎక్కడినుంచి వచ్చింది? స్టిక్కరు మీదినుంచి. ఆ మాటకొస్తే 18 వోల్టులని రాసినదానికీ, 21 అని రాసినదానికీ మధ్య కూడా తేడా లేదు, ఒకే ఐదు సెల్లులకు రెండు పేర్లు. చూడవలసింది ఆంపియర్ గంటలు, అంటే బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె. నావి 5 ఆంపియర్ గంటల బ్యాటరీలు. చౌక గన్నుతో కారు చక్రం విప్పుకోవచ్చు, కాదనను. పొక్లెయిన్ దగ్గరకు తేకండి.

కడప ఎండ సంగతి కంపెనీ కాగితాల్లో ఉండదు గానీ బ్యాటరీకి బాగా తెలుసు. మే నెలలో ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలు. బొలెరో రేకు డబ్బాలో లెక్క చెప్పనవసరం లేదు. వేడెక్కిన బ్యాటరీని ఛార్జర్ ముట్టుకోదు, దీపం మినుకుమంటూ చల్లారేదాకా ఆగుతుంది. మకిటా ఛార్జర్ లోపల బ్యాటరీని చల్లార్చే ఫ్యాను ఉంది గానీ, బయటి గాలే నిప్పులా ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది? నేను మంచినీళ్ల క్యాను పక్కన గోనె సంచి తడిపి, దాని మీద పొడి పలక వేసి, ఆ నీడలో బ్యాటరీలు పెడతాను. తడి తగలకూడదు, చల్లదనం తగలాలి. ఛార్జింగ్ తెల్లవారుజామునే ఇంట్లో ముగిస్తాను. వేసవిలో పానాను చైను మీద ఎండలో వదిలి గంట తర్వాత పట్టుకున్న ఎవరినైనా అడగండి, మిగిలినది వాళ్లు చెబుతారు.

బిగించడానికి మాత్రం గన్నును నమ్మను. చాలామంది చేసే పని ఏమిటంటే, విప్పిన గన్నుతోనే బర్రుమని బిగించేసి "టైటు" అంటారు. ఎంత టైటు? ఒకటి చాలక ఊడుతుంది, ఇంకొకటి ఎక్కువై సాగుతుంది. బోల్టు తల మీద 10.9 అని ఉంటే, దానికి ఒక పరిమితి ఉందని అర్థం. మొదటి అంకె చదరపు మిల్లీమీటరుకు 1000 న్యూటన్ల దగ్గర తెగుతుందని, రెండోది అందులో తొంభై శాతం దగ్గరే శాశ్వతంగా సాగుతుందని చెబుతుంది. పై భాగం తిరిగే స్వింగ్ బేరింగ్ బోల్టులు సాగాయంటే పైన బండి, కింద చైను విడివిడిగా ఆలోచించడం మొదలుపెడతాయి.

24 మిల్లీమీటర్ల 10.9 బోల్టుకు అటూ ఇటూగా 900 న్యూటన్ మీటర్లు కావాలి. బండి మాన్యువల్‌లో ఏముందో అదే పట్టించుకోండి, నేను ఉజ్జాయింపు చెబుతున్నాను. అరవై కిలోల మనిషి మీటరు పైపు చివర తన బరువంతా వేస్తే వచ్చేది 590కి లోపే. "మా వాడు బలంగా బిగించాడు" అన్న మాటకు ఇదీ విలువ. అక్కడ నేను వాడేది టార్క్ మల్టిప్లయర్, తిప్పే బలాన్ని ఐదింతలు చేసేది. లోపల చిన్న పళ్ల చక్రాలు. ఇవతల 200 ఇస్తే అవతల, రాపిడికి పోయింది పోగా, 900 పైచిలుకు దిగుతుంది. దానికొక చెయ్యి ఉంటుంది, దాన్ని పక్క బోల్టుకో చట్రానికో ఆనించాలి. బిగుసుకునేటప్పుడు ఆ చెయ్యి దేన్ని నొక్కుతుందో దాన్ని నలిపేస్తుంది. అక్కడ వేలు ఉండకూడదు. కొత్త కుర్రాడితో పనిచేసేటప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడమంటాను.

క్లిక్ రకం టార్క్ రెంచి, అంటే పెట్టిన అంకెకు బిగువు చేరగానే టక్కుమనే పానా, ఉన్నవాళ్లకు రెండు మాటలు. పనయ్యాక స్ప్రింగును అతి తక్కువ అంకెకు వదిలి పెట్టెలో పెట్టండి, సున్నా కిందికి తిప్పకండి. ఏడాదికోసారి గానీ, 5000 సార్లు వాడాక గానీ సరిచూపించాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. దానితో బోల్టు విప్పితే మాత్రం నాకు చెప్పకండి. పానాలు ఎవరు అడిగినా ఇస్తాను, టార్క్ రెంచి మాత్రం ఇవ్వను. మా బావమరిది ఇప్పటికీ దీనిమీద అలిగి ఉన్నాడు.

గ్రైండరు నాలుగు అంగుళాలదే చాలు. బాష్ జీడబ్ల్యూఎస్ 600 నా దగ్గరుంది. గొప్ప ఏమీ లేదు, అదే దాని గొప్ప. మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు యర్రగుంట్లలోనే దొరుకుతాయి. బ్రష్‌లు దొరకని గ్రైండరు ఎంత మంచిదైనా బొలెరోలో బరువే. దీనికి శత్రువు నాపరాయి పొడి, గాలి రంధ్రాల గుండా లోపలికి పోయి పేరుకుంటుంది. వారానికోసారి కంప్రెసర్ గాలి కొడితే మోటారులో తిరిగే ఆర్మేచర్ బతుకుతుంది. మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసినప్పుడు ఇంకా ఇబ్బంది, ఆ రాయి నాపరాయికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. అంత బకెట్ రాయే ఎత్తినా బకెట్ కీళ్లలోని పిన్నులు, బుష్‌లు త్వరగా అరుగుతాయి, గ్రైండరుకు పని పెరుగుతుంది.

గ్రైండరు విషయంలో నాకు ఒళ్లు మండే సంగతి ఒకటుంది. రక్షణ రేకు తీసేసి, రంధ్రం సరిపోయేలా బుష్ వేసి ఏడంగుళాల డిస్కు తగిలించేవాళ్లను ఈ ప్రాంతంలో చాలామందిని చూశాను. నాలుగు అంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000, 12,000 చుట్లు తిరుగుతుంది. ఏడంగుళాల డిస్కు మీద 8,500 అని రాసే ఉంటుంది. అంచు వేగం సెకనుకు 80 మీటర్లు దాటకూడని డిస్కును 100 దాటిస్తున్నారన్నమాట. విచ్చిపోతే అది ముఖం ఎత్తులోనే ఉంటుంది. రంధ్రాలే వేరు కదా, చిన్నదానికి 16 మిల్లీమీటర్లు, పెద్దదానికి 22. పట్టనిదాన్ని పట్టించాలన్న ఆలోచన ఎందుకు? డిస్కు మధ్యలోని లోహపు రింగు మీద నెల, సంవత్సరం ఉంటాయి, అది గడువు తేదీ. తయారైన మూడేళ్లకు జిగురు బలం తగ్గుతుంది. కొట్టులో దుమ్ము పట్టిన డిస్కును తగ్గింపు ధరకిస్తానంటే ఆ రింగు తుడిచి చదవండి.

గ్రీజు గన్ను మామూలు లివరు రకమే, కానీ దాని ముక్కు మార్చాను. గ్రీజు ఎక్కించే మొనను, అంటే నిపిల్‌ను, పట్టుకుని వదలని లాకింగ్ కప్లర్ వేయించాను. లేకపోతే సగం గ్రీజు చేతికి, సగం మట్టికి. పిన్నులు కొట్టడానికి ఎనిమిది పౌన్ల సమ్మెట, మధ్యలో ఇత్తడి కడ్డీ. పిన్ను గట్టిపరిచిన ఉక్కు, సమ్మెట ముఖమూ గట్టిదే. రెండూ నేరుగా తగిలితే పెచ్చులు ఎగురుతాయి, కంటికి. జాకీ గురించి చెప్పడానికేమీ లేదు, కింద చెక్కదిమ్మె లేకుండా ఏ జాకీనీ నమ్మను.

మల్టీమీటరు మాత్రం ఇదివరకు నాకు అక్కర్లేని వస్తువు. 2021 ఏప్రిల్ నుంచి చక్రాల బండ్లకు, అంటే జేసీబీల వంటివాటికి, బీఎస్ 4 పొగ కాలుష్య నిబంధన వచ్చింది. అప్పటినుంచి ఇంజన్లో సెన్సార్లు, కంప్యూటర్ బాక్సు. బండి స్టార్ట్ కాకపోతే పానా ముట్టక ముందే తీగలు చూడవలసి వస్తోంది. మంచి మీటరు కొన్నాను, తీగలు మందంగా ఉన్నది. ఆంపియర్లు కొలిచే చోట లోపల ఒక ఫ్యూజు ఉంటుంది. అది పోతే మామూలు గాజు ఫ్యూజు వేయకూడదు, మొదట ఉన్న రకం, సైజే వేయాలి. కొనేటప్పుడే అలాంటివి రెండు అదనంగా అడిగి తీసుకోండి, యర్రగుంట్లలో దొరకవు.